రాత్రి ఏడున్నర దాటాక మన ఆకాశంలో

(డిగ్రీ విద్యార్థులు, అధ్యాపకులు, ఊళ్ళో సైన్సు మీద ఆసక్తి ఉన్న పెద్దలు కూర్చున్న సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర్లో సభలోంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. మైకు వెనక వరస దాకా వినిపిస్తోందా? సరే, అయితే మొదలుపెడదాం.

ముందు పెద్దవాళ్ళని ఒక మాట అడుగుతాను. మీలో సిలోన్ రేడియో విన్నవాళ్ళు ఎంతమంది? చేతులు బాగానే లేచాయి. మీనాక్షీ పొన్నుదురై గారి గొంతు గుర్తుండే ఉంటుంది. ఆవిడ కొలంబోలో కూర్చుని తెలుగు సినిమా పాటలు వేస్తుంటే ఇక్కడ మనం గరగర శబ్దాల మధ్య చెవి రిక్కించి వినేవాళ్ళం. పిల్లలూ, మీకోసం ఒక చిన్న లెక్క. కొలంబో నుంచి విజయవాడ వెయ్యి కిలోమీటర్ల పైమాటే. భూమి గుండ్రం. రేడియో తరంగం తిన్నగా పోతుంది. కొలంబోలో నేలకి సమాంతరంగా బయల్దేరిన తరంగం అలా తిన్నగా పోతే విజయవాడ దగ్గరికి వచ్చేసరికి ఎంత ఎత్తున ఉండాలి? దూరాన్ని వర్గం చేసి భూమి వ్యాసంతో భాగించండి. దాదాపు 90 కిలోమీటర్లు వస్తుంది. అంటే ఆ పాట మన నెత్తి మీద 90 కిలోమీటర్ల ఎత్తున వెళ్ళిపోవాలి. మరి మన వంటింట్లోకి ఎలా దిగింది?

1901 డిసెంబరులో మార్కోనీ ఇంగ్లండు నుంచి అట్లాంటిక్ అవతల న్యూఫౌండ్‌లాండ్‌కి సిగ్నల్ పంపినప్పుడు కూడా ఇదే చిక్కు వచ్చింది. మరుసటి ఏడే అమెరికాలో కెన్నెలీ, ఇంగ్లండులో హెవిసైడ్ ఎవరికి వారే ఒక మాట అన్నారు: పైన ఎక్కడో విద్యుత్తు ప్రవహించగల పొర ఒకటి ఉండాలి, అదే తరంగాన్ని కిందికి వంచి పంపుతూ ఉండాలి. దాన్ని రుజువు చేయడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. 1924లో ఇంగ్లండు భౌతిక శాస్త్రవేత్త ఆపిల్టన్ బీబీసీ వాళ్ళ బోర్న్‌మౌత్ ట్రాన్స్‌మిటర్ అడిగి తీసుకుని, ప్రసారాలు ముగిశాక తరంగదైర్ఘ్యాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ, నేల వెంట వచ్చిన తరంగమూ పైనుంచి తిరిగొచ్చిన తరంగమూ కలిసే తీరుని బట్టి ఆ పొర ఎత్తు కట్టాడు. 1947లో నోబెల్ బహుమతి వచ్చింది. చరిత్ర ఇంతటితో ఆపుతాను, అసలు సంగతి వేరే ఉంది.

అక్కడ ఉన్నది గాలే. కాకపోతే చాలా పలచన. ఈ హాల్లో ఒక ఘన సెంటీమీటరు గాలిలో 25 పక్కన 18 సున్నాలు పెడితే ఎంతో అన్ని అణువులు ఉంటాయి. 300 కిలోమీటర్ల ఎత్తున అదే జాగాలో సుమారు వంద కోట్లే. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు ఆ అణువుల్లో కొన్నింటి నుంచి ఎలక్ట్రాన్లని ఊడగొడతాయి. మధ్యాహ్నం పూట ఒక ఘన సెంటీమీటరుకి పది లక్షల ఎలక్ట్రాన్ల దాకా అలా విడిగా తిరుగుతుంటాయి. అంటే వెయ్యింటికి ఒక్కటి. ఆ ఒక్కటే మన రేడియోని నడిపింది. సుమారు 60 కిలోమీటర్ల నుంచి పైకి ఇలా ఎలక్ట్రాన్లు విడిపోయి ఉన్న ప్రాంతాన్ని ఐనోస్ఫియర్ అంటాం. 60 నుంచి 90 దాకా డి, 110 ప్రాంతంలో ఇ, 150 దాటాక ఎఫ్ అని దాన్లో భాగాలు.

డి మాత్రం కాస్త పెంకి. అక్కడ గాలి ఇంకా చిక్కగానే ఉంటుంది కాబట్టి తరంగంతో ఊగిన ఎలక్ట్రాన్ వెంటనే ఏదో ఒక అణువుని గుద్దుకుని ఆ శక్తిని పోగొట్టేస్తుంది. పగలు మీడియం వేవ్ స్టేషన్ చుట్టుపక్కల జిల్లాలకే పరిమితం కావడానికి కారణం ఇదే. పొద్దు గూకగానే డి మాయమైపోతుంది. అప్పుడు అదే స్టేషన్ ఎక్కడో వందల మైళ్ళ అవతల పలుకుతుంది, మనకి ఊరూ పేరూ తెలియని స్టేషన్లు మన రేడియోలో దూరతాయి. రాత్రిపూట రేడియోలో ఆ కలగాపులగం అంతా ఇందుకే.

ఇప్పుడు పాఠ్యపుస్తకం దగ్గరికి వద్దాం. ట్రోపో, స్ట్రాటో, మీసో, థర్మో అని నాలుగు గీతలు గీసి, పక్కన ఎత్తులు రాసి, నాలుగు మార్కుల ప్రశ్న ఒకటి ఇచ్చి వదిలేస్తారు. నాకు ఆ బొమ్మ మీద ఎప్పుడూ కోపమే. బొమ్మ తప్పని కాదు. అది ఒక ప్రపంచ సగటు, దాన్ని తయారుచేసిన కొలతల్లో మొదట్లో ఎక్కువ భాగం యూరప్, అమెరికాల నుంచి వచ్చినవే. మన ఆకాశం అలా ఉండదు.

ఒక ఉదాహరణ చెప్తాను. మే నెల, రెంటచింతల, మధ్యాహ్నం 46 డిగ్రీలు. ఆ ఊరి మీద తిన్నగా 17 కిలోమీటర్లు పైకి వెళ్తే మైనస్ 75, మైనస్ 80 ఉంటుంది. ఉత్తర ధ్రువం మీద అదే వేసవిలో నేలకి ఆనుకుని ఉండే మొదటి పొర, ట్రోపోస్ఫియర్, తొమ్మిది, పది కిలోమీటర్లకే అయిపోతుంది, అక్కడ మైనస్ 50 ప్రాంతంలో ఉంటుంది. అంటే నేల ఎక్కడ మండిపోతోందో ఆ నెత్తి మీదే ఆ ఎత్తున గాలి అన్నిటికంటే చల్లన. ఎందుకంటే ఇక్కడ వేడికి గాలి చాలా పైదాకా లేస్తుంది, లేచిన కొద్దీ వ్యాకోచించి చల్లబడుతుంది. 1929లో మన వాతావరణ శాస్త్రవేత్త కె.ఆర్. రామనాథన్ ఆగ్రాలో ఎగరేసిన బెలూన్ల కొలతలతో పాటు వేరే చోట్ల లెక్కలు కూడా కలిపి ఈ చిత్రం గీశారు. ఉష్ణమండలపు ఆకాశాన్ని ఇక్కడే కొలవాలి, అక్కడి లెక్క తెచ్చి ఇక్కడ అతికిస్తే కుదరదు అని ఆనాడే తేలింది.

ఐనోస్ఫియర్‌లో ఈ తేడా ఇంకా ముదిరింది. మామూలుగా ఆలోచిస్తే సూర్యుడు నడినెత్తిన ఉండే చోట ఎలక్ట్రాన్లు ఎక్కువ ఉండాలి కదా? 1946లో ఆపిల్టన్ ప్రపంచంలోని వేర్వేరు స్టేషన్ల లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే అలా లేదు. అయస్కాంత భూమధ్యరేఖ మీద పల్లం, దానికి అటూ ఇటూ పదిహేను డిగ్రీల దూరంలో రెండు గుట్టలు. అయస్కాంత భూమధ్యరేఖ అంటే దిక్సూచి ముల్లు కిందికీ పైకీ వాలకుండా నేలకి సమాంతరంగా నిలబడే గీత. మన దేశంలో అది దక్షిణపు కొసలో, తిరువనంతపురం, తిరునెల్వేలి ప్రాంతాల మీదుగా పోతుంది. ఆ లెక్కన ఉత్తరపు గుట్ట అహ్మదాబాద్, భోపాల్ దగ్గర పడుతుంది. పల్లానికీ గుట్టకీ మధ్య వాలు మీద ఉన్నది ఎవరు? తిరుపతి, హైదరాబాద్, విశాఖ. మనమే.

దీనికి తొలి వివరణల్లో ఒకటి ఇచ్చినవాడు కలకత్తా శిశిర్ కుమార్ మిత్రా. 1930ల నుంచీ కలకత్తాలో ఐనోస్ఫియర్ మీద పనిచేస్తూ వచ్చిన మనిషి. పై వాతావరణం మీద ఆయన రాసిన పెద్ద పుస్తకాన్ని 1947లో ఆసియాటిక్ సొసైటీ వేసింది, తర్వాత రష్యన్‌లోకి కూడా వెళ్ళింది. భూమధ్యరేఖ మీద పుట్టిన ఎలక్ట్రాన్లు అయస్కాంత బలరేఖల వెంట జారి అటూ ఇటూ పోతున్నాయి అన్నాడాయన. ఆ మాటలో సగం సరిపోయింది. జారాలంటే ముందు వాటిని పైకి ఎత్తాలి కదా, ఎత్తేది ఎవరు అన్నది తర్వాత తేలింది.

ఎత్తేది విద్యుత్ క్షేత్రం. పగలంతా 110 కిలోమీటర్ల ఎత్తున వీచే గాలులు విద్యుదావేశాలని అయస్కాంత క్షేత్రానికి అడ్డంగా లాగుతుంటాయి. డైనమో సూత్రమే. దానివల్ల తూర్పు వైపుకి విద్యుత్ క్షేత్రం పుడుతుంది. అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి. ఇంటర్ ఫిజిక్స్‌లో నేర్చుకున్న కుడిచేతి నియమం వాడండి: తూర్పు నుంచి ఉత్తరానికి వేళ్ళు మడిస్తే బొటనవేలు ఎటు చూస్తుంది? పైకి. ప్లాస్మా, అంటే విడిపోయిన ఎలక్ట్రాన్లూ అవి పోగా మిగిలిన అయాన్లూ కలిసిన గుంపు, సెకనుకి పది, ఇరవై మీటర్ల చొప్పున పైకి లేస్తుంది, చాలా ఎత్తుకి వెళ్ళాక బరువుకి బలరేఖల వెంట ఉత్తరానికీ దక్షిణానికీ జారుతుంది. ఫౌంటెన్ ఎఫెక్ట్ అని పేరు పెట్టారు. ఆ డైనమో వల్లే అయస్కాంత భూమధ్యరేఖకి మూడేసి డిగ్రీల లోపల 105 కిలోమీటర్ల ఎత్తున పగలు తూర్పుగా ఒక కరెంటు బలంగా ప్రవహిస్తుంది. ఎలక్ట్రోజెట్ అంటారు.

థుంబా ఎందుకు పుట్టిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. మన అంతరిక్ష కార్యక్రమం కేరళ తీరంలో ఒక చేపల పల్లెలో, చర్చి భవనంలో మొదలైందని అందరూ చెప్తారు, సైకిల్ మీద రాకెట్ భాగం ఫోటో చూపిస్తారు. అక్కడే ఎందుకు అన్నది ఎవరూ పెద్దగా చెప్పరు. అయస్కాంత భూమధ్యరేఖ పక్కన ఉంది కాబట్టి. ఎలక్ట్రోజెట్ లోంచి రాకెట్ పంపాలంటే దాని కింద నిలబడాలి కాబట్టి. 1963 నవంబరు 21 సాయంత్రం అక్కడినుంచి వెళ్ళిన మొదటి రాకెట్, అమెరికా వాళ్ళ నైకీ అపాచీ, మోసుకెళ్ళింది సోడియం ఆవిరిని. ఆ సరంజామా ఫ్రాన్సుది. పొద్దుపోయే వేళనే ఎందుకు పేల్చారంటే, నేల మీద చీకటి పడినా అంత ఎత్తున ఇంకా ఎండ ఉంటుంది. ఆ ఎండకి సోడియం మబ్బు పసుపు-నారింజ రంగులో మెరుస్తుంది. కిందనుంచి కెమెరాలతో వరసగా ఫోటోలు తీస్తే ఆ మబ్బు ఎటు, ఎంత వేగంగా కొట్టుకుపోతోందో తెలుస్తుంది, అంటే అంత పైన గాలి వేగం తెలుస్తుంది. మన అంతరిక్ష కార్యక్రమంలో మొట్టమొదటి ప్రయోగం ఉపగ్రహం కోసం కాదు, పై గాలి కోసం. ఇది గుర్తుపెట్టుకోండి.

సరే, రాత్రి ఏడున్నరకి వద్దాం. ఈ సభకి పెట్టుకున్న పేరు అదే కదా.

సూర్యాస్తమయం ముందు మన పడమటి ఆకాశంలో పగలు, తూర్పు ఆకాశంలో రాత్రి. ఇ పొరలో విద్యుత్ వాహకత అటు ఎక్కువ, ఇటు దాదాపు లేదు. ఆ హద్దు దగ్గర ఆవేశాలు పోగుపడతాయి, తూర్పు విద్యుత్ క్షేత్రం తగ్గిపోయే ముందు ఒక్కసారి పెరుగుతుంది. దాంతో ఎఫ్ పొర మొత్తం గంట, గంటన్నర లోపల చకచకా పైకి లేచిపోతుంది. 400 కిలోమీటర్లు దాటడం మామూలే. అదే సమయంలో కింద ఎండ లేదు, కొత్త ఎలక్ట్రాన్లు పుట్టవు, ఉన్నవి అయాన్లతో కలిసి పోతున్నాయి. ఫలితం ఏమిటంటే పైన చిక్కటి ప్లాస్మా, దాని కింద దాదాపు ఖాళీ. ఆ బరువుని పడకుండా నిలబెట్టింది అయస్కాంత క్షేత్రం ఒక్కటే.

గ్లాసులో అడుగున నూనె పోసి దాని మీద నీళ్ళు నిలబెట్టగలరా? ఎంత జాగ్రత్తగా పోసినా ఏదో ఒక చోట చిన్న అల లేస్తుంది, ఆ అల పెరుగుతుంది, నూనె బుడగలుగా పైకి తన్నుకొస్తుంది. ర్యాలీ, టేలర్ అనే ఇద్దరి పేరు మీద ఆ అస్థిరత ప్రసిద్ధం. మన ఆకాశంలో సూర్యాస్తమయం తర్వాత జరిగేది అదే. కింది ఖాళీ, బుడగలుగా చిక్కటి పొరని చీల్చుకుని సెకనుకి వంద మీటర్ల పైచిలుకు వేగంతో పైకి లేస్తుంది. ఒక్కో బుడగ వెయ్యి కిలోమీటర్ల ఎత్తుదాకా పోతుంది. అయస్కాంత బలరేఖల వెంట సాగుతుంది కాబట్టి తిరునెల్వేలి మీద లేచిన బుడగ ఉత్తరపు కొస కర్నూలు మీదో హైదరాబాద్ మీదో ఉంటుంది. అలా నిలువునా వేలాడుతూ తూర్పు వైపుకి కదిలిపోతుంది, అర్ధరాత్రి దాకా, ఒక్కోసారి ఆ తర్వాత కూడా. దాని అంచుల్లో వందల కిలోమీటర్ల నుంచి కొన్ని సెంటీమీటర్ల దాకా అన్ని సైజుల్లోనూ ముడతలు.

దీన్ని మొదట గమనించింది మన దగ్గర కాదు, పెరూలోని వాన్కాయోలో. అది కూడా అయస్కాంత భూమధ్యరేఖ మీదే ఉంది. 1938లో బుకర్, వెల్స్ అక్కడి రికార్డుల్లో చూశారు. సన్నటి గీతలా రావాల్సిన ఎఫ్ పొర ప్రతిధ్వని రాత్రిపూట పూసినట్టు అలుక్కుపోయి వస్తోంది. అందుకే స్ప్రెడ్ ఎఫ్ అన్నారు. లోపల జరుగుతున్నది బుడగ అని తెలియడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది.

ప్రతి రాత్రీ రాదు. మన రేఖాంశంలో మార్చి-ఏప్రిల్, సెప్టెంబరు-అక్టోబరుల్లో ఎక్కువ, సూర్యుడు జోరు మీదున్న ఏళ్ళలో మరీ ఎక్కువ. అదే మార్చిలో నిన్న వచ్చి ఇవాళ రాకపోవచ్చు. ఎందుకు రాలేదో మర్నాడు చెప్పగలం కానీ రేపు వస్తుందో రాదో ఖాయంగా చెప్పే పద్ధతి ఇంకా చేతికి రాలేదు. ఈ రంగంలో ఇప్పటికీ మిగిలి ఉన్న పెద్ద ప్రశ్న ఇదే.

ఇంతకీ అంత ఎత్తున ఏం జరుగుతోందో ఎలా తెలుసుకోవాలి? బెలూన్ 50 కిలోమీటర్ల ప్రాంతానికి మించి పోలేదు. ఉపగ్రహం 200 కిందకి దిగితే గాలి రాపిడికి నిలవదు. మధ్యలో ఉన్న జాగాలోకి రాకెట్ ఒక్కటే పోగలదు, అదీ కొన్ని నిమిషాలు.

బెలూన్ల మాట వచ్చింది కాబట్టి హైదరాబాద్ గురించి చెప్పకుండా ఉండలేను. ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ బెలూన్ కేంద్రం ఉంది, 1969 నుంచి. పలచటి పాలిథిన్ పొరతో చేసి హైడ్రోజన్ నింపే బెలూన్లు పైకి పోయాక యాభై, ఎనభై మీటర్ల వ్యాసానికి ఉబ్బుతాయి. 2005లో అక్కడినుంచి పంపిన ఒక బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య గాలిని, ద్రవ నియాన్‌తో చల్లబరిచిన స్టెరైల్ గొట్టాల్లో పట్టి తెచ్చింది. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర ప్రయోగశాలలోనూ పుణెలోనూ ఆ గాలిని పరీక్షిస్తే బాక్టీరియా దొరికింది, వాటిలో మూడు అంతకుముందు ఎక్కడా నమోదు కాని జాతులు. ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభట పేరు, ఇంకోదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్ పేరు పెట్టారు. పని అయ్యాక సరంజామా పారాచూట్‌తో పొలాల్లో దిగుతుంది. ముట్టుకోవద్దు, ఫలానా వాళ్ళకి కబురు పెట్టండి అని దాని మీద తెలుగులో కూడా రాసి ఉంటుంది. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో ఒక పెద్ద గుండ్రటి యంత్రం పొలంలో దిగితే గ్రహాంతరవాసులు వచ్చారని వాట్సాప్‌లో ఊదరగొట్టారు. అది హైదరాబాద్ బెలూన్‌తో వెళ్ళొచ్చిన ప్రయోగపు క్యాప్సూల్. (నవ్వులు)

ఇక రాకెట్ అక్కర్లేకుండా కిందనే కూర్చుని చూడాలంటే రాడార్ కావాలి. అది మన తిరుపతి పక్కన గాదంకిలో ఉంది. విద్యార్థులు ఒక్కసారైనా చూసి రావలసిన చోటు. 1980ల్లో దేశమంతా కలిసి నడిపిన మధ్య వాతావరణ కార్యక్రమంలో దాని ఆలోచన వచ్చింది, ముంబయి సమీర్ సంస్థ కట్టింది, 1990ల మొదట్లో పని మొదలుపెట్టింది. 2005 నుంచి గాదంకి సంస్థ పేరు జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. చుట్టూ గుట్టలు. బయటి రేడియో గోల లోపలికి రాకుండా ఆ గుట్టలు అడ్డం పడతాయి, ఆ చోటు ఎంచుకోవడానికి అదొక కారణం.

పెద్ద డిష్ తిరుగుతూ ఉంటుందనుకుని వెళ్తే నిరాశపడతారు. 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పు ఉన్న మైదానం. అందులో వరసకి 32 చొప్పున 32 వరసలు, మొత్తం 1,024 యాగీ ఆంటెనాలు ఆకాశం వైపు నిలబడి ఉంటాయి. దూరదర్శన్ రోజుల్లో డాబాల మీద కట్టుకున్న రకమే, కాకపోతే మూడేసి కడ్డీలవి, ఒకదానికొకటి అడ్డంగా జంటలు. ఏదీ కదలదు. ఒక్కో ఆంటెనాకి తరంగాన్ని లిప్తపాటు ముందూ వెనకగా పంపి, మొత్తం కిరణాన్ని కావలసిన వైపుకి వంచుతారు. 53 మెగాహెర్ట్జ్ దగ్గర రెండున్నర మెగావాట్ల పల్స్ పైకి పోతుంది. 90 కిలోమీటర్ల ఎత్తున తగిలింది తిరిగి రావడానికి 0.6 మిల్లీసెకన్లు. తరంగం పొడవు దాదాపు ఆరు మీటర్లు కాబట్టి గాలిలో అందులో సగం, అంటే మూడు మీటర్లకి కాస్త తక్కువ సైజు కల్లోలాలు మాత్రమే దానికి కనిపిస్తాయి. అవి ఎంత వేగంతో కదులుతున్నాయో తిరిగొచ్చిన తరంగం ఫ్రీక్వెన్సీలో వచ్చే తేడా చెప్తుంది, దాన్నే డాప్లర్ అంటారు. అలా రుతుపవన కాలంలో ఉరుముల మబ్బు లోపల గాలి నిలువునా ఎంత వేగంతో లేస్తోందో కూడా కొలుస్తారు. 25 నుంచి 60 కిలోమీటర్ల మధ్య మాత్రం దానికి ఏమీ కనిపించదు, అక్కడ తిప్పి పంపేది లేదు. ఆ జాగాని ఆకుపచ్చ లేజర్ కిరణంతో పూరిస్తారు. తిరుపతిలోనే వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఉల్కల రాడార్ ఉంది. రోజూ రాలే ఇసుకరేణువంత ఉల్కలు 80, 100 కిలోమీటర్ల మధ్య మండి వదిలే జాడల్ని పట్టుకుని అక్కడి గాలిని లెక్కకడుతుంది.

మన బుడగల కోసం గాదంకిలో కిరణాన్ని నిట్టనిలువుగా పంపరు. ఉత్తరానికి పదమూడు, పద్నాలుగు డిగ్రీలు వాలుస్తారు. బుడగ లోపలి ముడతలు అయస్కాంత బలరేఖల వెంట సాగి ఉంటాయి, వాటికి లంబంగా తగిలితేనే ప్రతిధ్వని వెనక్కి వస్తుంది. గాదంకి దగ్గర బలరేఖ అంతే కోణంలో నేలవైపు వాలి ఉంటుంది. సాయంత్రం ఆరింటికి ఎఫ్ పొర ఎత్తున తెర మీద ఏమీ ఉండదు. ఏడున్నర, ఎనిమిది మధ్యలో 250, 300 కిలోమీటర్ల దగ్గర సన్నటి ఎర్ర చార ఒకటి మొదలవుతుంది. చూస్తుండగానే అది పైకి లేస్తుంది, 400, 500 దాటిపోతుంది. పావుగంట తర్వాత దాని పక్కన ఇంకొకటి. అవి కదిలిపోతుంటే వాటితో తెర నిండిపోతుంది. ఆ రాత్రి డేటా ఉన్నవాళ్ళకి నిద్ర ఉండదు.

విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం గురించి రెండు మాటలు. గాదంకి కంటే దశాబ్దాల ముందే, 1950ల్లోనే బి. రామచంద్రరావు గారి ఆధ్వర్యంలో అక్కడ ఐనోస్ఫియర్ మీద కొలతలు జరిగాయి. వాల్తేరు పేరు ఈ రంగపు పాత పత్రాల్లో విదేశీయులకి కూడా పరిచయం. ఈ తరం తెలుగు విద్యార్థులకి ఆ సంగతి తెలియకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

"ఇదంతా బాగుంది, మాకేంటి?" అంటారు మీరు. జేబులో ఫోను తీయండి. ఆ మ్యాప్‌లో నీలం చుక్క ఉందే, ఆ సిగ్నల్ ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి ఐనోస్ఫియర్ దాటుకుని వస్తుంది. ఎలక్ట్రాన్లు ఎక్కువ ఉంటే ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం దూరంలో పది, పదిహేను మీటర్ల తప్పుకి సమానం, ఉపగ్రహం దిగంతానికి దగ్గరగా ఉంటే ఇంకా ఎక్కువ. కారుకి ఫర్వాలేదు, విమానం దిగడానికి కుదరదు. అమెరికా వాళ్ళు ఈ తప్పు దిద్దడానికి ఐనోస్ఫియర్ మొత్తాన్ని 350 కిలోమీటర్ల దగ్గర ఒక్క పలచటి పొరగా అనుకుని లెక్కకట్టారు. వాళ్ళ ఆకాశం నెమ్మదైనది, సరిపోయింది. ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి మన దేశానికి గగన్, అంటే జీపీఎస్ తప్పుని దిద్ది విమానాలకి అందించే వ్యవస్థ, కట్టేటప్పుడు ఆ లెక్క ఇక్కడ నిలవలేదు. పల్లం నుంచి గుట్టకి ఎక్కే ఈ వాలు మీద నాలుగైదు వందల కిలోమీటర్లలోనే విలువ మారిపోతుంది. దేశమంతటా ఎలక్ట్రాన్ల లెక్క తీసే రిసీవర్లు పెట్టి, ఏళ్ళ తరబడి డేటా పోగేసి, ఒక పొర బదులు అనేక పొరలతో మన నమూనా మనం తయారుచేసుకోవాల్సి వచ్చింది. 2013 డిసెంబరులో గగన్‌కి మొదటి ధ్రువీకరణ, 2015లో విమానాలు దిగడానికి తోడ్పడే స్థాయిది వచ్చాయి. భూమధ్యరేఖ ప్రాంతపు ఆకాశం కింద అలాంటి వ్యవస్థ నిలబెట్టడం ప్రపంచంలో అదే మొదలు. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో గగన్ సాయంతో ఒక ఏటీఆర్ విమానాన్ని దించి చూశారు.

అయినా బుడగ వచ్చిన రాత్రి ఏ నమూనా అయినా తల వంచాల్సిందే. సిగ్నల్ ఆలస్యం కావడం వేరు, తెగిపోవడం వేరు. ముడతల్లోంచి వచ్చిన సిగ్నల్ బలం సెకను సెకనుకీ ఊగిసలాడుతుంది, రిసీవర్ పట్టు వదిలేస్తుంది. ఒకేసారి మూడు నాలుగు ఉపగ్రహాల సిగ్నల్ పోతే మనం ఎక్కడున్నామో లెక్కే కట్టలేం.

పైన వేడెక్కితే ఇంకో తంటా. 2022 ఫిబ్రవరి 3న అమెరికాలో ఒకే రాకెట్ మీద 49 స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాలు వెళ్ళాయి. ముందు 210 కిలోమీటర్ల దగ్గర వదిలి, పరీక్షించి, తర్వాత పైకి తీసుకెళ్ళడం వాళ్ళ పద్ధతి. మర్నాడు సూర్యుడి నుంచి దూసుకొచ్చిన కణాలకి భూమి అయస్కాంత క్షేత్రం ఊగిపోయింది, దాన్నే అయస్కాంత తుఫాను అంటారు, అదీ చిన్నదే. దానికే పై గాలి వేడెక్కి ఉబ్బింది, ఆ ఎత్తున రాపిడి యాభై శాతం దాకా పెరిగింది. 38 ఉపగ్రహాలు ఆ రాపిడికి ఎక్కలేక కిందికొచ్చి కాలిపోయాయి. 2024 మే 10 రాత్రి వచ్చిన పెద్ద తుఫానుకి లద్దాఖ్ హాన్లే మీద ఆకాశం ఎర్రబడింది, ఫోటోలు మీరూ చూసే ఉంటారు. ఇంకో వైపు, మనం వదులుతున్న కార్బన్ డయాక్సైడ్ కింద వేడి పుట్టిస్తే పైన చలి పుట్టిస్తోంది. అంత పలచటి గాలిలో అది వేడిని పట్టి ఉంచదు, అంతరిక్షంలోకి పారబోస్తుంది. పై వాతావరణం మెల్లగా కుంచించుకుపోతోంది. రాపిడి తగ్గితే చెత్త ఉపగ్రహాలు త్వరగా కిందపడవు. దీన్ని 1989లోనే లెక్కకట్టి చెప్పారు, ఉపగ్రహాల కక్ష్యలు చూస్తే నిజమేనని తేలింది.

నేను చాలాసేపు మాట్లాడాను. ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థిని: సెల్‌ఫోన్ మాటలు కూడా ఐనోస్ఫియర్ నుంచే తిరిగి వస్తాయా మేడమ్?)

రావమ్మా. సెల్ తరంగాల ఫ్రీక్వెన్సీ చాలా ఎక్కువ, ఐనోస్ఫియర్‌ని చీల్చుకుని పోతాయి. నీ ఫోన్ మాట్లాడేది ఊళ్ళో టవర్‌తో. ఫోన్‌లో ఐనోస్ఫియర్‌తో పని ఉన్నది జీపీఎస్‌కే. తిప్పి పంపడం ముప్ఫై మెగాహెర్ట్జ్ లోపలి తరంగాలకే, అదీ మామూలు రోజుల్లో.

(ఒక పెద్దాయన: థర్మోస్ఫియర్‌లో వెయ్యి డిగ్రీలు అంటారు, అక్కడ మనిషి మాడిపోడా అమ్మా?)

మంచి ప్రశ్న అడిగారండీ. ఒక్కో అణువు వేగం చూస్తే వెయ్యి డిగ్రీల లెక్కే. కానీ ఒంటికి తగిలే అణువులు అతి తక్కువ, అవి తెచ్చే వేడి లెక్కలోకి రాదు. అక్కడ మనిషి మాడినా గడ్డకట్టినా తిన్నగా పడే ఎండ వల్లా, ఒంటి నుంచి వెళ్ళిపోయే వేడి వల్లా.

(ఒక విద్యార్థి: బుడగని మనం చూడగలమా?)

కంటితో కష్టం. ఆ ఎత్తున ఆక్సిజన్ రాత్రంతా సన్నటి ఎర్ర వెలుగు ఇస్తుంది, బుడగ ఉన్నచోట ఆ వెలుగు తగ్గి నల్ల పట్టీలా కనిపిస్తుంది. దానికి ప్రత్యేకమైన ఫిల్టరూ కెమెరా కావాలి. కానీ నీ ఫోన్‌తో ఒక పని చెయ్యొచ్చు. ఏ ఉపగ్రహం సిగ్నల్ ఎంత బలంగా వస్తోందో అంకెల్లో చూపించే ఉచిత యాప్‌లు ఉన్నాయి, ఒకటి వేసుకో. మార్చిలో సాయంత్రం ఏడింటికి డాబా ఎక్కు, ఫోను గోడ మీద కదలకుండా పెట్టు. తొమ్మిదిన్నర దాకా దక్షిణం వైపు ఉన్న ఉపగ్రహాల అంకెలు రాసుకో. ఒక్క ఉపగ్రహం అంకె ఊగితే అది పక్కింటి ట్యాంకు మీద తగిలి వచ్చిన సిగ్నల్ కావచ్చు. తేడా తెలుసుకోవడం ఎలాగంటే, జీపీఎస్ ఉపగ్రహం రోజూ నాలుగు నిమిషాలు ముందుగా అదే చోటికి వస్తుంది. ట్యాంకు వల్ల వచ్చిన ఊపు మర్నాడు నాలుగు నిమిషాలు ముందు మళ్ళీ అలాగే వస్తుంది. బుడగ వల్ల వచ్చినది రాదు. వారం రోజుల లెక్క రాసి నాకు పంపించు, కూర్చుని చూద్దాం.